టీమక్స్‌లో మౌస్ తిప్పితే పాత కమాండ్లు వస్తున్నాయి, కాపీ చేసింది పేస్ట్ కావడం లేదు: ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో ఒక లినక్స్ సర్వర్‌లోకి వెళ్తున్నారు. అక్కడ టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా పనులు నడుస్తూ ఉండేలా టెర్మినల్‌ను సర్వర్‌లోనే నిలిపి ఉంచే ప్రోగ్రామ్) రాత్రంతా ఒక బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని) నడిచి, పొద్దున చూస్తే ఫెయిలై ఉంది. పైన ఏముందో చూద్దామని మౌస్ చక్రం తిప్పితే లైన్లు కదలడం లేదు, మీరు ఇంతకుముందు కొట్టిన పాత కమాండ్లు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఎవరో చెప్తే కాపీ మోడ్‌లోకి (టీమక్స్‌లో పాత లైన్లు చూసి కాపీ చేసుకునే స్థితి) వెళ్లి ఎర్రర్ సెలెక్ట్ చేశారు. తీరా టికెట్‌లో పేస్ట్ చేస్తే నిన్నెప్పుడో కాపీ చేసిన వేరే ముక్క పడింది. ఏదైనా సెట్టింగ్ చెడగొట్టానా అని అడిగారు.

ఏమీ చెడలేదు. కానీ వివరణ కంటే ముందు మీ లాగ్‌ను కాపాడుకుందాం. ఆ పేన్‌ను (టీమక్స్ తెరలో మీ బిల్డ్ నడిచిన భాగం) మూసేయకండి, అందులో ఇంకే కమాండూ కొట్టకండి. ముఖ్యంగా క్లియర్ కొట్టకండి. కొన్ని సెటప్‌లలో అది తెరతో పాటు వెనకున్న లైన్లనీ తుడిచేస్తుంది. ఆ పేన్‌లోనే ఉండి కంట్రోల్-బి నొక్కి వదిలి, తర్వాత కోలన్ నొక్కండి. కింద స్టేటస్ లైన్ ఉండే చోట చిన్న ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ మొదట ఇది కొట్టి ఎంటర్ నొక్కండి:

క్యాప్చర్-పేన్ -జె -ఎస్ -

మళ్లీ కంట్రోల్-బి, కోలన్ నొక్కి ఇది:

సేవ్-బఫర్ ~/బిల్డ్-లాగ్

కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను, టైప్ చేసేది మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే. చిన్న, పెద్ద అక్షరాల తేడా మాత్రం చెప్పిన చోటల్లా పట్టించుకోండి. పై లైన్లో జె, ఎస్ రెండూ పెద్ద అక్షరాలు. ఎస్ తర్వాత ఒంటరిగా ఉన్న హైఫన్‌కు అర్థం, దాచి ఉన్న మొట్టమొదటి లైను నుంచి తీసుకోమని. ఈ రెండూ టీమక్స్‌కు చెప్పే మాటలు, షెల్‌కు (మీరు కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) కాదు. అందుకే పేన్‌లో ఒక్క అక్షరం కూడా కొత్తగా పడదు. ఇప్పుడు మీ హోమ్ డైరెక్టరీలో బిల్డ్-లాగ్ అనే ఫైలుంది. లెస్‌తో చదువుకోండి, గ్రెప్‌తో వెతుక్కోండి, ఎస్‌సీపీతో ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుని టికెట్‌కు తగిలించండి. ఇక టెన్షన్ లేకుండా మిగతాది చదవొచ్చు.

అసలు జరిగిందేమిటంటే, మీ ముందున్న కిటికీలో ఒకదాని లోపల ఒకటి రెండు టెర్మినళ్లు ఉన్నాయి. బయటిది మీ ల్యాప్‌టాప్‌లో నడిచే టెర్మినల్ ప్రోగ్రామ్. లోపలిది సర్వర్‌లో నడిచే టీమక్స్. బయటిదాని దృష్టిలో టీమక్స్ కూడా విమ్ లాంటి ఒక ఫుల్ స్క్రీన్ ప్రోగ్రామే. అలాంటి ప్రోగ్రామ్‌లకు టెర్మినల్ విడిగా ఒక తెర ఇస్తుంది, దాన్నే ఆల్టర్నేట్ స్క్రీన్ అంటారు. ఆ తెరకు వెనక దాచిన లైన్లంటూ ఉండవు. లైన్లు దాచే పని టీమక్స్ తన దగ్గర, సర్వర్ మెమరీలో, ఒక్కో పేన్‌కు విడివిడిగా చేసుకుంటుంది. కాబట్టి బయటి టెర్మినల్ పక్కనుండే స్క్రోల్‌బార్‌ను ఎంత లాగినా బిల్డ్ లైన్లు రావు. వచ్చినా టీమక్స్ మొదలుపెట్టక ముందటివి వస్తాయి.

మరి చక్రం తిప్పితే పాత కమాండ్లు ఎందుకు? ఫుల్ స్క్రీన్ ప్రోగ్రామ్ మౌస్ కావాలని అడగకపోతే, చాలా టెర్మినళ్లు చక్రం తిప్పడాన్ని పై బాణం, కింది బాణం కీలుగా మార్చి లోపలికి పంపుతాయి. లెస్‌లోనో మ్యాన్ పేజీలోనో స్క్రోల్ కావడానికి చేసిన ఏర్పాటది. మీ పేన్‌లో ఉన్నది షెల్. షెల్‌కు పై బాణం వస్తే పాత కమాండ్ చూపిస్తుంది. అది దాని పని. ఒక్క జాగ్రత్త: చక్రం తిప్పాక ప్రాంప్ట్‌లో ఏ కమాండ్ వచ్చి కూర్చుందో చూడకుండా ఎంటర్ కొట్టకండి. పాత డిలీట్ కమాండ్ ఒకటి అలా మళ్లీ నడిచిన సందర్భం నా కళ్లారా చూశాను.

పేస్ట్ సంగతీ ఇలాంటిదే. కాపీ మోడ్‌లో మీరు కాపీ చేసింది ముందుగా టీమక్స్ బఫర్‌లోకి, అంటే సర్వర్ దగ్గరికి వెళ్తుంది. టికెట్‌లో కంట్రోల్-వి కొడితే వచ్చేది విండోస్ క్లిప్‌బోర్డ్‌లోది. అటక మీద పెట్టి బీరువాలో వెతికినట్టైంది. ఈ రెంటికీ దారి ఎలా వేయాలో కాసేపట్లో చెప్తాను. ముందు కాపీ మోడ్‌లో నడవడం వస్తే సగం బాధ తీరుతుంది.

లోపలికి వెళ్లే దారి కంట్రోల్-బి, తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్ [. నేరుగా ఒక పేజీ పైకి వెళ్తూ లోపలికి పోవాలంటే కంట్రోల్-బి, తర్వాత పేజ్ అప్. బయటికి వచ్చే కీ చిన్న క్యూ. లోపలికి వెళ్లడం కంటే ఇది ముందు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే చాలామంది పొరపాటున కాపీ మోడ్‌లోకి వెళ్లి, టైప్ చేస్తే ఏమీ పడక, సర్వర్ హ్యాంగైందని కిటికీ మూసేస్తారు. పై కుడి మూలలో చిన్న పెట్టెలో 0/1843 లాంటి అంకెలు కనిపిస్తే మీరు కాపీ మోడ్‌లో ఉన్నట్టే. మొదటి అంకె కింది నుంచి మీరు ఎన్ని లైన్లు పైకెళ్లారో చెప్తుంది, రెండోది మొత్తం ఎన్ని లైన్లు దాచి ఉన్నాయో.

మీరు లోపల ఉన్నంతసేపూ తెర కదలదు, కానీ వెనక మీ ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. కొత్త వెర్షన్లు లోపలికి వెళ్లిన క్షణంలో ఉన్న లైన్ల ప్రతి ఒకటి తీసి చూపిస్తాయి. ఆ తర్వాత వచ్చినవి కావాలంటే చిన్న ఆర్ నొక్కితే తాజా చేస్తాయి.

ఇక కీలు. టీమక్స్‌లో రెండు రకాల అలవాట్లున్నాయి, విఐ తరహా, ఈమ్యాక్స్ తరహా. మామూలుగా ఈమ్యాక్స్ తరహా వస్తుంది. టీమక్స్ సర్వర్ మొదలైనప్పుడు ఎడిటర్ లేదా విజువల్ అనే ఎన్విరాన్మెంట్ వేరియబుల్‌లో విఐ అన్న మాట ఉంటే తనంతట తానే విఐ తరహాకు మారుతుంది. పక్క సీటు వాడు చెప్పిన కీ మీ దగ్గర పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. లోపలికి వెళ్లి చిన్న జె, చిన్న కె నొక్కి చూడండి. కర్సర్ కిందికీ పైకీ కదిలితే మీది విఐ, కదలకపోతే ఈమ్యాక్స్. నా సలహా విఐకే స్థిరపడండి. సర్వర్ల మీద పనిచేసేవాళ్లకు విమ్, లెస్, మ్యాన్ అన్నీ ఆ అలవాటే కాబట్టి వేళ్లకు కొత్తగా నేర్పాల్సింది తక్కువ. హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే టీమక్స్ కాన్ఫ్ ఫైలులో ఈ లైను రాయండి:

సెట్ -జి మోడ్-కీస్ విఐ

ఈమ్యాక్స్‌లోనే ఉంటానంటే కంట్రోల్-స్పేస్‌తో సెలెక్షన్ మొదలు, ఆల్ట్-డబ్ల్యూతో కాపీ, కంట్రోల్-ఆర్‌తో పైకి వెతకడం, కంట్రోల్-ఎస్‌తో కిందికి వెతకడం. ఇందులో ఒక గుంట ఉంది. అదే చేత్తో కాపీ మోడ్ బయట కంట్రోల్-ఎస్ నొక్కితే టెర్మినల్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, ఇది దశాబ్దాల నాటి ఫ్లో కంట్రోల్ అలవాటు. కంట్రోల్-క్యూ నొక్కితే వదులుతుంది. ఇకపై నేను చెప్పేవన్నీ విఐ కీలే.

పేజీ పేజీగా పైకి ఎక్కడం మానేయండి. 1800 లైన్లలో ఎర్రర్ కోసం పేజ్ అప్ నొక్కుతూ కూర్చుంటే కళ్లు పోతాయి. వెతకండి. మీరు లోపలికి వెళ్లేది అట్టడుగు నుంచి కాబట్టి స్లాష్ కాకుండా ప్రశ్నార్థకం గుర్తు వాడాలి, అది పైకి వెతుకుతుంది. ప్రశ్నార్థకం నొక్కి, ఎర్రర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే చివరి ఎర్రర్ దగ్గర ఆగుతుంది. చిన్న ఎన్ నొక్కినకొద్దీ ఇంకా పైకి, పెద్ద ఎన్ నొక్కితే వెనక్కి. బిల్డ్ ఫెయిలైనప్పుడు కింద కనిపించే ఎర్రర్ చాలాసార్లు అసలుది కాదు, పైన మొదట వచ్చినదాని పర్యవసానం. అందుకే నేనైతే చిన్న జి నొక్కి మొట్టమొదటి లైనుకు పోయి, అక్కడి నుంచి స్లాష్‌తో కిందికి వెతుకుతాను. పెద్ద జి నొక్కితే మళ్లీ అడుగుకు చేరతారు. సగం పేజీ చొప్పున కదలడానికి కంట్రోల్-యు, కంట్రోల్-డి. విమ్‌లో లాగా పేజీ పైకి కంట్రోల్-బి నొక్కుదామంటే కుదరదు, దాన్ని ప్రిఫిక్స్ కీ (టీమక్స్ కమాండ్లకు ముందు నొక్కే కీ) అనుకుని టీమక్స్ మధ్యలోనే పట్టేసుకుంటుంది.

ఇంకో చిట్కా, నేను రోజుకు పదిసార్లు వాడేది. ఫలానా కమాండ్ ఎక్కడ మొదలైందో కావాలంటే మీ షెల్ ప్రాంప్ట్ గుర్తునే వెతకండి. మీ ప్రాంప్ట్‌లో సర్వర్ పేరుంటే ఆ పేరు వెతికితే చాలు, ఒక్కో ఎన్‌కు ఒక్కో కమాండ్ చొప్పున పైకి దూకుతారు. డాలర్ గుర్తును వెతకాలంటే మాత్రం దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. కొత్త వెర్షన్లలో వెతుకులాట రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా జరుగుతుంది, అందులో ఒట్టి డాలర్ అంటే లైను చివర అని అర్థం.

సెలెక్ట్ చేయడం ఒకసారి దగ్గరగా చూద్దాం. ఒక జావా స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చూపే లైన్ల వరుస) కావాలనుకోండి. ప్రశ్నార్థకంతో ఎక్సెప్షన్ అని వెతికి ఆ లైనుకు వచ్చారు. సున్నా నొక్కితే కర్సర్ లైను మొదటికి వస్తుంది. స్పేస్ నొక్కండి, సెలెక్షన్ మొదలైంది. ఇప్పుడు జె నొక్కుతూ ట్రేస్ చివరి లైను దాకా దిగండి. ట్రేస్ తర్వాత ఖాళీ లైనుంటే కుడి మీసాల బ్రాకెట్ } ఒక్కసారి నొక్కితే అక్కడిదాకా దూకుతుంది. చివర డాలర్ నొక్కితే లైను చివరికి. అప్పుడు పైన ఒక లైను ఎక్కువ పట్టామని తెలిసిందనుకోండి. మొత్తం వదిలేసి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. చిన్న ఓ నొక్కితే కర్సర్ సెలెక్షన్ అవతలి కొసకు పోతుంది, అక్కడ సవరించుకోండి. ఎంటర్ నొక్కగానే కాపీ అయి కాపీ మోడ్ నుంచి బయటికొచ్చేస్తారు. లైన్లకు లైన్లు పట్టాలంటే స్పేస్ బదులు పెద్ద వి నొక్కితే సున్నా, డాలర్ గొడవ లేదు.

విమ్ అలవాటున్నవాళ్లు చిన్న వి నొక్కి సెలెక్షన్ మొదలవుతుందనుకుంటారు. ఇక్కడ దాని పని వేరు, నిలువు ముక్కను పట్టడం. ఇది చాలా పనికొచ్చే వస్తువు. డాకర్ పీఎస్ (నడుస్తున్న కంటైనర్ల జాబితా చూపే కమాండ్) కొట్టారు, పది కంటైనర్లు వచ్చాయి, మీకు మొదటి కాలమ్‌లోని ఐడీలు మాత్రమే కావాలి. మొదటి ఐడీ మొదటి అక్షరం మీద స్పేస్, తర్వాత చిన్న వి, తర్వాత కుడికి ఐడీ చివరిదాకా, కిందికి పది లైన్లు, ఎంటర్. పది ఐడీలు పది లైన్లుగా బఫర్‌లో ఉంటాయి. అదే టీమక్స్‌లో ఎక్కడైనా, పక్క పేన్‌లో తెరిచిన విమ్‌లోనైనా సరే, కంట్రోల్-బి తర్వాత కుడి చదరపు బ్రాకెట్ ] నొక్కితే పేస్ట్ అవుతుంది. పాతవి కూడా పోవు. కంట్రోల్-బి తర్వాత సమానం గుర్తు నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ జాబితాగా వస్తాయి, మామూలు సెట్టింగ్‌లో 50 వరకు ఉంటాయి.

ఇప్పుడు సర్వర్ నుంచి మీ ల్యాప్‌టాప్ క్లిప్‌బోర్డ్ దాకా దారి. నెట్‌లో దొరికే కాన్ఫిగ్‌లలో సగం ఎక్స్‌క్లిప్ (లినక్స్ క్లిప్‌బోర్డ్‌లోకి టెక్స్ట్ పంపే ప్రోగ్రామ్) పెట్టుకోమంటాయి. అది మీ ముందున్న మెషీనే లినక్స్ అయినప్పుడు బాగుంటుంది. మీలాగా ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్నవాళ్లకు సర్వర్‌లో ఎక్స్‌క్లిప్ నడిపితే డిస్‌ప్లే తెరవలేనని ఏడుస్తుంది. అక్కడ తెరే లేదు మరి. మ్యాక్‌లో పీబీకాపీ, డబ్ల్యూఎస్ఎల్‌లో క్లిప్ డాట్ ఈఎక్స్ఈ, వేల్యాండ్‌లో డబ్ల్యూఎల్-కాపీ, ఇవన్నీ కూడా టీమక్స్ మీ మెషీన్‌లోనే నడుస్తున్నప్పటి సంగతి.

దూరపు సర్వర్‌కు సరైన దారి ఓఎస్‌సి 52. ఇది ఒక ఎస్కేప్ సీక్వెన్స్, అంటే రంగులు మార్చడానికి ప్రోగ్రామ్‌లు టెర్మినల్‌కు పంపే రహస్య అక్షరాల లాంటిదే. టీమక్స్ మీరు కాపీ చేసిన టెక్స్ట్‌ను బేస్64లో చుట్టి, మామూలు ఔట్‌పుట్‌తో కలిపి పంపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు అది మిగతా అక్షరాల్లాంటిదే, దాటించేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ దాన్ని గుర్తుపట్టి, విప్పి, విండోస్ క్లిప్‌బోర్డ్‌లో పెడుతుంది. సర్వర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, అడ్మిన్‌ను బతిమాలక్కర్లేదు. టీమక్స్ వైపు సెట్టింగ్ ఇది, ఇందులో ఎస్ చిన్న అక్షరం:

సెట్ -ఎస్ సెట్-క్లిప్‌బోర్డ్ ఆన్

2.6 నుంచి ఇది మామూలుగానే ఎక్స్‌టర్నల్ అనే విలువతో వస్తుంది. అంటే టీమక్స్ కాపీ చేసినవి బయటికి పోతాయి, లోపల నడిచే ప్రోగ్రామ్‌లు సొంతంగా క్లిప్‌బోర్డ్‌ను ముట్టుకోలేవు. మీ అవసరానికి అదీ చాలు. లోపలి విమ్ కూడా క్లిప్‌బోర్డ్‌కు పంపాలంటేనే ఆన్ పెట్టండి.

అడ్డంకి ఎక్కువగా బయటి టెర్మినల్ దగ్గరే ఉంటుంది. విండోస్ టెర్మినల్, కిట్టీ, వెజ్‌టర్మ్ దీన్ని అర్థం చేసుకుంటాయి. ఐటర్మ్2లో టెర్మినల్‌లోని అప్లికేషన్లకు క్లిప్‌బోర్డ్ వాడుకునే అనుమతి ఇవ్వాలి. మీరు ఏ టెర్మినల్ వాడుతున్నారో రాయలేదు. టీమక్స్ 3.2 లేదా ఆ పైది ఉంటే పేన్‌లో ఈ పరీక్ష చేయండి, డబ్ల్యూ చిన్న అక్షరం, చివర ఒంటరి హైఫన్:

ఎకో పరీక్ష | టీమక్స్ లోడ్-బఫర్ -డబ్ల్యూ -

ఇప్పుడు నోట్‌ప్యాడ్ తెరిచి కంట్రోల్-వి కొట్టండి. మీరు ఎకో చేసిన మాట పడితే దారి తెరిచే ఉంది. పడకపోతే ముందు టెర్మినల్ మార్చి చూడండి, టీమక్స్ కాన్ఫిగ్‌తో గంటలు కొట్టుకోకండి. ఇంకో మాట, చాలా టెర్మినళ్లు ఓఎస్‌సి 52తో వచ్చే టెక్స్ట్ పొడవుకు హద్దు పెడతాయి. నాలుగు లైన్లకు, నలభై లైన్లకు ఇది హాయి. నాలుగు వేల లైన్లకు మొదట చెప్పిన ఫైలు పద్ధతే.

ఏ దారీ లేకపోతే మొరటు పద్ధతి ఒకటుంది. టీమక్స్‌లో మౌస్ ఆన్ చేసి లేకపోతే, మౌస్‌తో లాగి పట్టేది బయటి టెర్మినల్ సెలెక్షన్, దాన్ని కాపీ చేస్తే నేరుగా విండోస్ క్లిప్‌బోర్డ్‌కు పోతుంది. కాపీ మోడ్‌లో కావలసిన చోటికి ఎక్కి, తెర మీద కనిపిస్తున్నంత మౌస్‌తో పట్టి కాపీ చేసుకోవచ్చు. పేన్లు పక్కపక్కన ఉంటే రెండు పేన్ల లైన్లూ మధ్యలోని నిలువు గీతతో సహా కలిసిపోయి వస్తాయి. బయటి టెర్మినల్‌కు పేన్లంటే ఏమిటో తెలియదు. అందుకే ముందు కంట్రోల్-బి, చిన్న జెడ్ నొక్కి ఆ పేన్‌ను తెరంతా చేసుకోండి. అదే మళ్లీ నొక్కితే యథాస్థానానికి వెళ్తుంది. ఈ పద్ధతిలో పొడుగు లైన్లు తెర అంచు దగ్గర విరిగి రెండు లైన్లుగా వచ్చే ప్రమాదం కూడా ఉంది. టీమక్స్ సొంత కాపీకి ఆ బాధ లేదు, తాను మడతపెట్టిన లైనేదో దానికి గుర్తుంటుంది, కలిపి ఇస్తుంది. క్యాప్చర్-పేన్‌కు పెద్ద జె పెట్టమన్నదీ అందుకే.

మౌస్ సంగతి చెప్పాను కాబట్టి, చాలామంది మొదట చేసే పని ఇది:

సెట్ -జి మౌస్ ఆన్

దీంతో చక్రం తిప్పగానే కాపీ మోడ్‌లోకి పోయి నిజంగా స్క్రోల్ అవుతుంది, అడుగుకు దించగానే తనే బయటికొస్తుంది. లాగి వదలగానే సెలెక్షన్ మాయమవుతుంది. చూసి కంగారు పడకండి, మాయమైందంటే కాపీ అయిందని. బయటి టెర్మినల్ సెలెక్షనే కావాలంటే షిఫ్ట్ పట్టుకుని లాగాలి, ఐటర్మ్2లో ఆప్షన్ కీ. మీ ప్రశ్నలోని మొదటి బాధ ఈ ఒక్క లైనుతో పోతుంది. నేను మాత్రం ఆన్ చేసుకోను. ఏ కొత్త సర్వర్‌లోకి వెళ్లినా నా కాన్ఫిగ్ ఉండదు, కీలైతే ఎక్కడైనా అవే ఉంటాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నాకు తగిలింది ఇంకోచోట. కొన్నేళ్ల కిందట ఒక డేటా మైగ్రేషన్ రాత్రి పదింటికి టీమక్స్‌లో మొదలుపెట్టి ఇంటికెళ్లాను. పొద్దున కొన్ని రికార్డులు తగ్గాయి. పైకెళ్లి చూద్దామని చిన్న జి నొక్కితే తెల్లవారుజామున నాలుగు గంటల లైన్ల దగ్గర ఆగిపోయింది. అంతకు ముందువి లేవు. టీమక్స్ మామూలుగా ఒక్కో పేన్‌కు 2000 లైన్లే దాస్తుంది. నిండితే పాతవి పదో వంతు చొప్పున ఒక్కసారిగా తీసేస్తుంది, అందుకే పై మూలలో అంకె 1800కీ 2000కీ మధ్య ఊగుతూ కనిపిస్తుంది. మీ తెర మీద కూడా అలాంటి అంకె ఉంటే, మీ బిల్డ్ మొదటి భాగం ఇప్పటికే పోయిందని అర్థం. పోయినదాన్ని తెచ్చే ఉపాయం లేదు. ఆ మైగ్రేషన్ మళ్లీ మొదటి నుంచి నడిపించి, రెండో రాత్రి కూడా జాగారం చేశాం.

సెట్ -జి హిస్టరీ-లిమిట్ 50000

ఇది కాన్ఫ్ ఫైలులో రాసి సోర్స్-ఫైల్‌తో మళ్లీ చదివించినా, అప్పటికే తెరిచున్న పేన్లకు వర్తించదు. కొత్తగా తెరిచే పేన్లకే కొత్త హద్దు. ఇది తెలియక లైను రాశాం కదా అని పాత పేన్‌లోనే పని మొదలుపెట్టి రెండోసారి దెబ్బ తిన్నవాళ్లున్నారు. 10 లక్షలు పెట్టేస్తే పోలేదా అంటే, ఈ లైన్లన్నీ ఉండేది టీమక్స్ సర్వర్ మెమరీలో. పదిమంది వాడే జంప్ సర్వర్‌లో (మిగతా సర్వర్లలోకి వెళ్లడానికి అందరూ దాటే మెషీన్) అలా చేస్తే అడ్మిన్ ఫోన్ చేస్తాడు. డిటాచ్ చేసినా (టీమక్స్‌ను నడుస్తూ ఉంచి బయటికొచ్చినా) లైన్లు ఉంటాయి, మెషీన్ రీబూట్ అయితే మాత్రం మొత్తం పోతాయి.

అందుకే నిజంగా ముఖ్యమైన పనికి స్క్రోల్‌బ్యాక్‌ను నమ్మను. మొదలుపెట్టేటప్పుడే ఔట్‌పుట్‌ను, ఎర్రర్ ఔట్‌పుట్‌తో కలిపి, టీ కమాండ్‌కు పైప్ చేసి ఫైలులోకి కూడా రాయిస్తాను. ఇందులో ఒక మెలిక: పైప్ పెట్టాక షెల్‌కు కనిపించే ఎగ్జిట్ కోడ్ (పని సఫలమో విఫలమో చెప్పే అంకె) టీ కమాండ్‌ది, బిల్డ్‌ది కాదు. బిల్డ్ ఫెయిలైనా సక్సెస్ అనిపిస్తుంది. బ్యాష్‌లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ ముందు కొట్టుకోండి. పని అప్పటికే మొదలైపోతే, ఆ పేన్‌లో కంట్రోల్-బి, కోలన్ నొక్కి

పైప్-పేన్ -ఓ 'క్యాట్ >> ~/పేన్-లాగ్'

అనండి, ఓ చిన్న అక్షరం. ఆ క్షణం నుంచి వచ్చేదంతా ఫైలులోకి చేరుతుంది, అదే మళ్లీ కొడితే ఆగుతుంది. రంగుల ఎస్కేప్ అక్షరాలు కూడా అందులో పడతాయి. చదవడానికి కాస్త చికాకు, లెస్‌కు పెద్ద ఆర్ ఇచ్చి తెరిస్తే రంగులతో సహా బాగానే కనిపిస్తుంది.

కాపీలో చేయి కాల్చుకునే చోట్లు ఇంకో రెండు. ఒకటి ట్యాబ్‌లు. పాత టీమక్స్ వెర్షన్లు తెర మీదికొచ్చిన ట్యాబ్‌ను స్పేస్‌లుగా దాస్తాయి. క్యాట్‌తో చూపించిన మేక్‌ఫైల్‌ను అలా కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే, మేక్ వెంటనే మిస్సింగ్ సెపరేటర్ అంటుంది. కళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి, అరగంట పోతుంది. ఫైళ్లను తెర మీద నుంచి కాపీ చేయకండి, ఫైలుగానే తెచ్చుకోండి. లేదా ఫైలును నేరుగా లోడ్-బఫర్‌తో బఫర్‌లోకి ఎక్కించండి, ట్యాబ్‌లు చెక్కుచెదరవు. రెండోది విమ్, హెచ్‌టాప్, లెస్ లాంటివి. అవి పేన్ లోపల మళ్లీ తమ ఆల్టర్నేట్ స్క్రీన్‌లో నడుస్తాయి కాబట్టి వాటిలో చూసినదేదీ టీమక్స్ చరిత్రలోకి రాదు. లెస్‌లో చదివి మూసేసినదాని కోసం కాపీ మోడ్‌లో వెతికితే దొరకదు.

లాగ్‌లో తెలుగు ఉంటే, ఉదాహరణకు కస్టమర్ పేర్లు తెలుగులో వచ్చే అప్లికేషన్, తెర మీద గుణింతాలు, ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కర్సర్ ఒకచోట, అక్షరం ఒకచోట ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కో అక్షరానికి ఎన్ని గడులు కావాలో టీమక్స్ లెక్క ఒకటి, టెర్మినల్ ఫాంట్ లెక్క ఇంకొకటి. అలాంటి లైన్ల మీద నిలువు సెలెక్షన్ జోలికి పోకండి, పెద్ద వి కీతో లైన్లకు లైన్లు పట్టండి. కనిపించడం వంకరగా ఉన్నా కాపీ అయ్యే టెక్స్ట్ సరిగానే ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో ఒక టీమక్స్, సర్వర్‌లో ఇంకో టీమక్స్ ఉంటే కంట్రోల్-బి ఎప్పుడూ బయటిదానికే పోతుంది. లోపలిదాని కాపీ మోడ్ కావాలంటే కంట్రోల్-బి రెండుసార్లు నొక్కి, తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్.

చివరగా మీ సర్వర్‌లో టీమక్స్ -వి కొట్టి వెర్షన్ చూడండి, వి పెద్ద అక్షరం. సెంటాస్ 7 మెషీన్లలో వచ్చింది 1.8, అలాంటివి ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తున్నాయి. అందులో మౌస్ ఆన్ అనే ఒక్క లైను లేదు, అది 2015లో 2.1తో వచ్చింది. అంతకు ముందు మోడ్-మౌస్ లాంటి నాలుగు విడి సెట్టింగ్‌లుండేవి. కాపీ మోడ్ కీలను మార్చే బైండ్ లైన్లు 2017లో 2.4తో పూర్తిగా మారిపోయాయి. నెట్‌లో దొరికిన బైండ్ లైనులో విఐ-కాపీ అని ఉంటే అది పాత పద్ధతి, కాపీ-మోడ్-విఐ అని ఉంటే కొత్తది. ఒకదాని లైను ఇంకోదాంట్లో ఎర్రర్ ఇస్తుంది. పాత వెర్షన్ క్యాప్చర్-పేన్‌లో ఒంటరి హైఫన్‌ను ఒప్పుకోకపోతే దాని బదులు -50000 ఇవ్వండి, ఉన్నంతవరకు తెస్తుంది. వెర్షన్ అంకె, మీ టెర్మినల్ పేరు రాస్తే కాన్ఫ్ ఫైలులోకి సరిపోయే లైన్లు రాసిస్తాను.